మారెన్ దిగిన రాయి

రోడా నియెమి ఆ ఊళ్లో సగం మంది తలలు చేతుల్లో పెట్టుకుని చూసిన మనిషి. పెద్ద సరస్సు ఒడ్డున, ఓడలు ఇనుప ఖనిజం నింపుకునే రేవుకు కాస్త ఎగువన, ఆమె కటింగ్ షాపు ఉంది. షాపూ తండ్రిదే, అందులోని రెండు కుర్చీలూ తండ్రివే. పెళ్లి ఒకటి చేసుకుంది గానీ అది నిలవలేదు. పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "ఊళ్లో పిల్లలందరి పేలూ నేనే చూశాను, ఇంకా కావాలా?" అని నవ్వేసేది.

సాయంత్రం షాపు మూసి, లావు టైర్ల సైకిలెక్కి ఊరి వెనక కొండల్లోకి పోవడం ఆమెకు అలవాటు. గనులు మూతబడ్డాక ఆ కొండల్లో ఎర్రమట్టి, తెల్ల బెరడు చెట్లు, ఎవరికీ అక్కర్లేని పాత దారులు మిగిలాయి. ఒకరోజు ఆమె షాపు మూయబోతుంటే పదమూడేళ్ల పిల్ల ఒకతి తలుపు తోసుకుని వచ్చి, కుర్చీలో కూర్చోకుండా ఎదురుగా నిలబడింది.

"మీరు మాకు కోచ్‌గా ఉండాలి," అంది.

"మాకంటే ఎవరికి?"

"సైకిల్ జట్టుకి. అన్ని ఊళ్ల స్కూళ్లకీ కొండ సైకిల్ పోటీలు జరుగుతున్నాయి. మనకే జట్టు లేదు. పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు ఒప్పుకుంటే పెట్టుకోనిస్తానన్నారు హెడ్మాస్టరు."

"జట్టులో ఎంతమంది ఉన్నారు?"

"ఇప్పటికి నేను. ప్రూ కూడా వస్తుంది. దానికింకా చెప్పలేదు."

రోడాకు నవ్వొచ్చింది. "నాకు పిల్లల్తో వేగడం చేతకాదమ్మా."

"మీ కుర్చీలో గుక్కపట్టి ఏడ్చేవాళ్లకి చెవులు తెగకుండా కటింగ్ చేస్తున్నారుగా. మేం అంత ఏడవం కూడా."

ఆ పిల్ల మారెన్ కల్లియో. తండ్రి ఐవర్ ఖనిజం మోసే ఓడలో ఇంజను గది మనిషి. వసంతంలో మంచు విరిగిన దగ్గర్నుంచి సరస్సు మళ్లీ గడ్డకట్టేదాకా నీళ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది నడిచలికాలంలో కొన్ని వారాలు. తల్లి ఆ పిల్ల పసితనంలోనే వేరే పెళ్లి చేసుకుని దూరదేశం పోయింది. పెంచిందంతా నాయనమ్మ ఐలీ. ఫిన్లాండు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబాల్లో నాయనమ్మను ముమ్ము అంటారు. ఐలీ మాత్రం ఊరందరికీ ముమ్మే.

అలా మొదలైంది జట్టు. రెండేళ్లు తిరిగేసరికి పదిమంది దాటారు. కోచ్ పని రాదని రోడా అన్నది అబద్ధం కాదు. మొదట్లో గట్టిగా అరవడం కూడా వచ్చేది కాదు. అయితే ఒక్కొక్కరి భయం ఒక్కోచోట ఉంటుందనీ, దాన్ని కనిపెట్టడం నెత్తి మీద సుడి ఎటుందో కనిపెట్టడం లాంటిదేననీ తొందర్లోనే గ్రహించింది. సుడి తెలియకుండా కత్తెర పెడితే జుట్టు ఎదురు తిరుగుతుంది. పిల్లలూ అంతే. ఒకడికి ఎత్తు భయం, ఒకతెకు నలుగురి ముందు ఓడిపోవడం భయం. ఎమ్మెట్ అనే కుర్రాడికైతే వాళ్ల నాన్న చూస్తున్నాడంటేనే కాళ్లు ఆడవు. రోడా ఎమ్మెట్ నాన్నను పక్కకు పిలిచి కాఫీ తాగించేది, వాడి వంతు అయిపోయేదాకా.

ఈ పనిలో తనకేం దొరుకుతోందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పాలన్నా మాటలు ఉండేవి కావు. పోటీలు ముగిశాక, మాంసమూ ఆలుగడ్డా కూరిన పాస్టీలు తిని, బురద కాళ్లతోనే ఒకరి మీద ఒకరు పడి వ్యానులో నిద్రపోయేవారు పిల్లలు. అద్దంలో ఆ నిద్రమొహాలు చూసుకుంటూ బండి నడిపేది. ఊరు ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండునని అనిపించేది.

మారెన్ గెలిచిన పోటీ ఒక్కటీ లేదు. కొండెక్కేటప్పుడు ఓడ కళాసీలా బూతులు తిట్టేది. సైకిల్ గొలుసు తెగితే రాళ్లను తన్నేది. కానీ జట్టులో ఎవరు అలిగి ఇంటికి పోయినా, వాళ్ల గుమ్మంలో కూర్చుని, వాళ్లు బయటికి వచ్చేదాకా కదలకుండా ఏదో ఒకటి వాగుతూ ఉండేది అదే.

ఆమెకు పదహారేళ్లు వచ్చిన ఏడు, సెప్టెంబరులో ఒక శనివారం పోటీలో ఐదో స్థానంలో వచ్చింది. అంత ముందుకు ఎన్నడూ రాలేదు. మర్నాడు పొద్దున ముమ్ము అట్లు పోసి పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచి, గదిలోకి వెళ్లి, దుప్పటి లాగి, చెయ్యి పట్టుకుని చూసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

పుట్టుకతోనే గుండెలో లోపం ఉందన్నాడు డాక్టరు. బయటికి ఏ గుర్తూ ఉండదన్నాడు. కొండెక్కినా, మంచమెక్కినా, ఏదో ఒకనాడు ఆగిపోయే గుండేనన్నాడు. రోడా ఆయన్ని, పోటీ వల్లేనా అన్న ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగింది. ఆయన ఓపిగ్గా ప్రతిసారీ అదే జవాబు చెప్పాడు. చెవులు విన్నాయి గానీ మనసు వినలేదు.

ఓడ ఏదో దూరపు రేవులో ఉండగా కబురందుకుని ఐవర్ వచ్చాడు. అరువు కోటు వేసుకుని సమాధి దగ్గర నిలబడ్డాడు. అంత్యక్రియలు కాగానే మళ్లీ ఓడెక్కేశాడు. కడుపున పుట్టిన పిల్ల పోతే పట్టుమని వారమైనా ఉండలేదేమిటని ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు.

మిగిలిన పోటీలకు రోడా పిల్లల్ని తీసుకెళ్లింది, వాళ్లు అడిగారు కాబట్టి. ఆకులు రాలి, పోటీలు ముగిశాక హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, "వచ్చే ఏడాదికి ఇంకెవర్నైనా చూసుకోండి," అని చెప్పేసింది. కారణం ఆయన అడగలేదు. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన పిల్లలు "కోచ్" అనబోయి, మాట నాలిక మీదే మింగేసేవారు.

జనవరిలో ఓడలు రేవుకు చేరాయి. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ ఐవర్ వచ్చాడు. ఏటా ఓడ దిగగానే మొదట వచ్చేది ఆ కుర్చీలోకే. అక్కడే కూర్చున్నాడు. బుజాల దాకా పెరిగిన జుట్టు, దాంట్లో నిరుడు లేని తెలుపు.

"మామూలుగానేనా?" అంది రోడా.

"మామూలుగానే."

మెడ చుట్టూ గుడ్డ కట్టి, జుట్టు తడిపి, కుడివైపు నుంచి మొదలుపెట్టింది. సగం తల అయ్యాక అతను అద్దంలోకి చూస్తూ అన్నాడు:

"డాక్టరు నాతోనూ మాట్లాడాడు. ఎవరి తప్పూ కాదంట."

"నాకూ అదే చెప్పాడు."

"నువ్వు నమ్మావా?"

రోడా దువ్వెన అందుకుంది.

"నేను నమ్మలేదు," అన్నాడు ఐవర్. "ముందురోజు దాన్ని కొండలెక్కించింది నువ్వే కదా. ఎక్కు, ఎక్కు అని వెనకాల నుంచి అరిచింది నువ్వే కదా."

"అవును. నేనే."

ఆమె కాదంటుందని, వాదిస్తుందని అనుకున్నాడో ఏమో, ఆ ఒప్పుకోలు అతన్ని ఇంకా మండించింది. "నాకు దాని గొంతు ఫోనులోనే తెలుసు. ఎప్పుడు చేసినా కోచ్ ఇలా అంది, కోచ్ అలా అంది. దాని ఎండాకాలాలన్నీ నీ దగ్గరున్నాయి రోడా. నాకేం మిగిలింది? చలికాలం. అందులోనూ స్కూలుకి పోగా మిగిలింది."

గుడ్డ పీకి కుర్చీ మీద పడేసి, టోపీ తలకు లాక్కుని బయటికి నడిచాడు. తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికొచ్చిన మంచు నేల మీద కరిగేదాకా రోడా కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్ని నెలలుగా ఎవరో ఒకరు ఆ మాట తన మొహాన అనాలని తను ఎదురుచూస్తోందని అప్పుడు తెలిసింది ఆమెకు. అన్నాక మాత్రం ఏ భారమూ తగ్గలేదు.

మర్నాడు ముమ్ము చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"ఏమే రోడా, సగం తల గొరిగి పంపావేం? గొర్రె కూడా బొచ్చు మొత్తం తీసేదాకా ఆగుతుంది. వీడు ఆగలేకపోయాడా?"

"తనే లేచిపోయాడు ముమ్మూ."

"తెలుసులే. అన్నీ చెప్పాడు. చెప్పి, అనకూడని మాట అన్నానని తల పట్టుకు కూర్చున్నాడు. సగం తలే పట్టుకున్నాడనుకో." ముసలామె నవ్వబోయింది. నవ్వు సగంలోనే విరిగిపోయింది. ఖాళీ కుర్చీలో కూలబడి, కాసేపు కళ్లు తుడుచుకుంది. "ఒక పని చెయ్యవే. వాణ్ణి ఆ కొండకి తీసుకెళ్లు. ఇంట్లో దాని బురద బూట్లు ముందేసుకుని కూర్చుంటున్నాడు. అది ఎక్కడ తిరిగిందో, ఏం చేసిందో వాడికి ఒక్క ముక్క తెలీదు. నేను చెబుదామంటే నాకు మాత్రం ఏం తెలుసు, బట్టలు ఉతకడం తప్ప?"

"నేను మానేశాను ముమ్మూ. అక్టోబరు నుంచి అటు పోలేదు."

"నువ్వు మానేస్తే కొండ మానేసిందా? పిల్లలు ప్రతి శనివారం పోతూనే ఉన్నారు, పెద్ద దిక్కు లేకుండా. నీకు తెలీదా?"

రోడాకు నిజంగానే తెలియదు.

శనివారం పొద్దున కొండ మొదట్లో ఐదారుగురు పిల్లలు కనిపించారు. గట్టిపడిన మంచు దారి మీద వాళ్ల టైర్ల గుర్తులు అప్పటికే పడి ఉన్నాయి. రోడాను చూసి ప్రూ సైకిల్ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె కోటుకు తల ఆనించి నిలబడింది. ఇంతలో ముమ్ము పంపగా ఐవర్ వచ్చాడు, మారెన్ సైకిల్ నడిపించుకుంటూ.

"ఆ రోజు అన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"తరవాత," అంది రోడా. "ముందు పైకి పోదాం."

అతను సైకిలెక్కి నాలుగు గజాలు తొక్కాడు. సీటు కూతురి ఎత్తుకు ఉంది, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఐదో గజంలో పక్కనున్న మంచులో మొత్తంగా ఒరిగిపోయాడు. టోపీ ఎగిరిపడి, ఒకవైపు కత్తిరించి ఒకవైపు వేలాడుతున్న జుట్టు బయటపడింది. పిల్లలు బిగబట్టుకున్నారు. ఎమ్మెట్ మాత్రం ఆగలేక, "కోచ్, ఇది మీ పనేనా?" అన్నాడు.

"గిరాకీ మధ్యలో పారిపోయాడురా," అంది రోడా.

ఐవర్ మంచులో కూర్చునే నవ్వాడు. అతను నవ్వగా ఆ పిల్లలు ఎప్పుడూ చూడలేదు. "సరే," అన్నాడు లేస్తూ, "నేను తోసుకుంటూ వస్తా. మీరు చెప్తుండండి. ఇక్కడ అదేం చేసేది?"

అంతే, పిల్లల నోళ్లకు గేట్లు తెరుచుకున్నాయి. ఇదిగో ఈ వంతెన మీద పడి నాలిక కొరుక్కుంది. ఈ మలుపులో ఎలుగుబంటిని చూసి దాన్నే అడ్డు లెమ్మని కసిరింది. ఈ చెట్టు కింద కూర్చుని, అందరి సంచుల్లో తిండీ కాజేసింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు, "అలా కాదు, నువ్వు అప్పుడు లేవు," అని లాక్కున్నారు. ఐవర్ ఒక్కో చోటా ఆగి, ఆ వంతెననూ ఆ చెట్టునూ అదేదో చదవాలన్నట్టు చూశాడు.

ఏటవాలు మొదలయ్యే చోట ప్రూ అంది: "ముందున్నవాళ్లని దాటేటప్పుడు 'పక్కకి' అని అరవాలి, అది రూలు. మారెన్ అరిచేది కాదు. ఓడలా కూసేది."

"ఓడలాగా?"

ఎమ్మెట్ రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పెట్టి కూశాడు. ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు. మంచు మీద ఆ ధ్వని చాలా దూరం పోయింది.

ఐవర్ సైకిల్ హాండిలు గట్టిగా పట్టుకున్నాడు. "అది మా ఓడ రేవు దాటేటప్పుడు ఊరికేసి కూసే కూత," అన్నాడు. "చిన్నప్పుడు కిటికీలో నిలబడి వినేది."

"మాకు తెలుసు," అంది ప్రూ. "మీరే కూయిస్తారంట కదా, దానికోసం. అందరికీ చెప్పేది."

ఐవర్ తల అడ్డంగా ఊపాడు. "నేను అడుగున ఇంజను దగ్గర ఉంటానమ్మా," అన్నాడు. "కూత పెట్టేది కెప్టెను. అది నేనే అనుకుందా?"

ప్రూ తప్పు చేసినదానిలా తల దించుకుంది. అతను ఆ పిల్ల బుజం మీద చెయ్యి వేసి, "మంచిదైంది," అన్నాడు. "మంచిదైంది, అలాగే అనుకోనీ." పిల్లలు తమకు తామే ముందుకు కదిలి, ఆ ఇద్దర్నీ వెనక వదిలారు.

కొండ నెత్తిన ఒక పెద్ద రాయి ఉంది. ఏనుగు వీపులా నున్నగా, ఒకవైపు నిట్టనిలువుగా జారిపోతుంది. దారి దాని మీదుగానే దిగుతుంది. చేతకానివాళ్లకు పక్కనుంచి చుట్టుదారి ఉంది. రోడా అక్కడ ఆగింది.

"దీన్ని చూస్తే దానికి వణుకు," అంది. "కొండలన్నీ ఎక్కేది, తిట్టుకుంటూనైనా. ఇక్కడికి వచ్చేసరికి దిగి, సైకిల్ పట్టుకుని నిలబడేది. మిగతావాళ్లు దిగిపోయేవాళ్లు. తను చుట్టుదారిన వచ్చి, 'రేపు' అనేది. అలా ఏడాది పాటు రేపు, రేపు అంటూనే ఉంది. నేనేం చేశానో తెలుసా ఐవర్? ఏమీ చెయ్యలేదు. దిగమని అనలేదు, వద్దనలేదు. కింద నిలబడి చూసేదాన్ని. పడితే పట్టుకోవాలి కదా అని."

"తరవాత?"

"ఒక సాయంత్రం, ఎవరూ అడక్కుండానే, వచ్చింది వచ్చినట్టు దిగేసింది. చప్పట్లు కొట్టబోతున్నా. అది బ్రేకేసి, వెనక్కి తిరిగి రాయికేసి చూసి, 'అంతేనా?' అంది. చాలా కోపంగా. ఇంతకాలం తనని మోసం చేసినట్టు. అని, సైకిల్ బుజానేసుకుని మళ్లీ పైకెక్కింది. మళ్లీ దిగింది. చీకటి పడుతోంది పదవే అంటే వినదు. ఎన్నిసార్లు దిగిందో నేను లెక్క మర్చిపోయాను."

ఐవర్ చేతి తొడుగు తీసి, వంగి, రాయి మీద మంచు తుడిచాడు. నల్లటి రాయి కొంచెం బయటపడింది. దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు.

"నాకు ఫోన్ చేసింది ఆ రోజు," అన్నాడు. "'నాన్నా, ఇవాళ రాయి దిగేశా' అంది. ఇంజను చప్పుడులో సరిగా వినపడలేదు. 'మంచిది, జాగ్రత్త' అని పెట్టేశా. ఏ రాయి అని అడగలేదు రోడా. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నాకే చెప్పేది కదా ఇదంతా, దాని నోటితోనే."

రోడా పక్కనే మంచులో కూర్చుంది. సరస్సు మీద నుంచి గాలి కోసేస్తోంది.

"మళ్లీ చెప్పు," అన్నాడు అతను. "మొదట్నుంచి."

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి మారెన్ వేసుకున్న చొక్కా రంగూ, సాక్సు ఒకటి జారిపోయి ఉండటమూ గుర్తొచ్చాయి. చెబుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. సెప్టెంబరు నుంచి ఒక్కసారీ రాని ఏడుపు. ఆ పిల్ల ఎండాకాలాలన్నీ తన దగ్గరుండిపోయాయని అతను అన్నది నిజమే. అవి తనకు దక్కిన జీతమనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే తరగడం లేదు, కానీ ఇచ్చిన ప్రతిదాంతోనూ ఆ పిల్ల లేదన్న సంగతి ఇంకోసారి తెలిసొస్తోంది.

మంచు విరిగాక ఐవర్ ఓడెక్కాడు. ఏప్రిల్‌లో దారులు ఆరాయి. రోడా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, "ఎవరైనా దొరికారా?" అని అడిగింది. "ఎవరి కోసమూ వెతకలేదు," అన్నాడు ఆయన.

ఆ ఏడు జట్టులో చేరిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ముందుగా గుండె పరీక్ష చేయించాల్సిందేనని పట్టుబట్టింది. కొందరు తల్లిదండ్రులు విసుక్కున్నారు. అందరి గుండెలూ బాగున్నాయని తేలింది. అయినా కొండెక్కేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనకే ఉండేది, చెవులు రిక్కించి. ఎవరైనా ఆయాసంతో ఒక్క క్షణం నిశ్శబ్దమైతే చాలు, ఆమె గుండె జల్లుమనేది. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఎక్కండర్రా," అని అరిచేది. పిల్లలు అది కోచ్ చాదస్తం అనుకునేవారు. ప్రూకు మాత్రం తెలుసు. అది పాటలు పాడుతూ ఎక్కేది, శ్రుతి లేకుండా. ఆ భయం పోతుందేమోనని రోడా మొదట్లో ఎదురుచూసింది. పోలేదు. భయంతోనే కొండెక్కడం అలవాటు చేసుకుంది.

పోటీ ఉన్న శనివారాల్లో, ఓడ ఒడ్డుకు దగ్గరగా ఉంటే, ఐవర్ ఫోన్ చేసేవాడు. ఎవరు గెలిచారని అడిగేవాడు కాదు. ఆఖరున ఎవరొచ్చారని అడిగేవాడు.

జూలైలో ఒక సాయంత్రం అలాగే చేశాడు. "ఇవాళ ఆఖరు ఎవరు?"

"ఓడిల్ అని కొత్త పిల్ల. పన్నెండేళ్లు. అందరూ తిండి డబ్బాలు సర్దుకున్నాక వచ్చింది, రెండు మోకాళ్లూ చీరుకుపోయి. వచ్చి ఏమందో తెలుసా? మళ్లీ పోటీ ఎప్పుడంది." రోడా షాపు మెట్ల మీద కూర్చుని చెబుతోంది. పిల్లలంతా దానికి ఎదురెళ్లి కేకలు పెట్టారని చెప్పింది, ఎమ్మెట్ ఇప్పుడు వాళ్ల నాన్న ముందు కూడా తొక్కుతున్నాడని చెప్పింది. అవతల నుంచి ఊఁ అనడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. ఓడ ఒడ్డు వదిలి లోపలికి పోయినట్టుంది. లైను తెగిపోయిందని తెలిశాక కూడా కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.